వరుసలో మొదటి చోటు

డెబ్భై ఆరేళ్లు నిండి, పెళ్లి చేసుకోకుండా, యాభై ఏళ్లు కుట్టుమిషను తొక్కి బతికిన నేను, మా కతోలిక గుడివాళ్లందరూ టైలరక్క అని పిలిచే నేను, నా తదనంతరం జరగవలసిన ఏర్పాట్ల గురించి రాయిస్తున్న వీలునామా ఇది. సూదిలో దారం కళ్లజోడు లేకుండా ఎక్కిస్తున్నాను, జపమాలలో యాభై మూడు మంగళవార్త జపాలూ లెక్క తప్పకుండా చెబుతున్నాను. కాబట్టి నా కళ్లూ బుర్రా సరిగానే ఉన్నాయి. ఎవరి బలవంతమూ లేదు. నన్ను బలవంతపెట్టగలిగినవాళ్లు ఇంకా పుట్టలేదని మా తమ్ముడే చెబుతాడు.

వీలునామాలో తిట్లు ఉండకూడదని లేఖరి అన్నాడు. ఇవి తిట్లు కావు, వివరాలు అన్నాను. రాస్తున్నాడు.

1. ఈ వీలునామా అమలు చేసే బాధ్యత నా చెల్లెలి భర్తకి, అనగా లారీ మెకానిక్కుకి అప్పగిస్తున్నాను. మా తమ్ముడు ఇరవై ఆరేళ్లుగా ఈ మనిషిని ‘ఆ గ్రీజు చేతులవాడు’ అంటాడు. గుడి గంట తాడు చక్రంలో ఇరుక్కుపోయి మూడు వారాలు మోగకపోతే, సంఘంవాళ్లు మూడు సమావేశాలు పెట్టారు. ఆ గ్రీజు చేతులవాడు నిచ్చెన వేసుకుని పావుగంటలో బాగుచేసి, టీ కూడా తాగకుండా వెళ్లిపోయాడు.

2. మా గుడి వ్యవహారాలు చూసే విచారణ సంఘానికి అధ్యక్షుడైన నా తమ్ముడికి నా టేబుల్ ఫ్యాను చెందాలి. గుడికి ఆరు ఫ్యాన్లు ఇచ్చి, ప్రతి రెక్క మీదా తన పేరు ఎర్రరంగుతో రాయించుకున్న మహానుభావుడు. ఫ్యాను తిరిగితే పేరు కనబడదని ఎండాకాలంలో కూడా పూజ సగమయ్యేదాకా స్విచ్ వెయ్యనిచ్చేవాడు కాదు. నా ఫ్యాను రెక్కల మీద ఏమీ రాసి లేదు. అలాగే వాడుకోవాలి. ఇంకేమీ చెందదు. ఎందుకో ఆరో అంశంలో ఉంది.

3. విచారణ సంఘానికి నా తెల్ల పింగాణీ బేసిను. ముప్పై ఒక్క సంవత్సరాలు పీఠం బట్టలు ఉతికినది అందులోనే. పూజలో పాత్ర తుడిచిన బట్టని మొదట ఉత్త నీళ్లలో జాడించి, ఆ నీళ్లు కాలవలో పొయ్యకుండా మట్టిలో పొయ్యాలి. సత్ప్రసాదం అంటే ప్రభువు శరీరం, దాని నలుసు మురుక్కాలవలో పోకూడదని. ఇది తెలిసినవాళ్లు ఆ సంఘంలో ఒక్కరూ లేరు. నా మోకాళ్లు పడిపోయాక ఆ బట్టల్ని హోటలు దుప్పట్లతో కలిపి లాండ్రీకి వేస్తున్నారు. మరకలు పోతున్నాయని మురిసిపోతున్నారు. బేసినుని అద్దాల బీరువాలో పెట్టి చూసుకోండి. వాడటం మీ వల్ల కాదు.

4. కన్యాస్త్రీల మఠంలో ఉండే దగ్గు సిస్టరుకి నా వేడినీళ్ల రబ్బరు సంచి, ఊలు శాలువా. ఆవిడ నన్ను ఎప్పుడూ పొగడలేదు. చలికాలం పొద్దుటి పూజకి నా పక్కన కూర్చుని, తన శాలువాలో సగం నా కాళ్ల మీద కప్పేది. అంతే.

5. నా రెండు గదుల ఇల్లు, కుట్టుమిషను, పెరటి నిమ్మచెట్టు, సర్వహక్కులతో నా చెల్లెలికి చెందాలి. అమ్మ పోయినప్పుడు దానికి ఆరేళ్లు. జడ వేసి, అక్షరాలు దిద్దించి, మొదటి సత్ప్రసాదం నాటి తెల్లగౌను కుట్టింది నేనే. పీఠం బట్టల మొదటి నీళ్లన్నీ తాగినది ఆ నిమ్మచెట్టే.

6. ఇప్పుడు అసలు విషయం. చెల్లెలి మొదటి మొగుడు ఏడాది తిరక్కుండానే వదిలేసి పోయాడు. అది మెకానిక్కుని రిజిస్ట్రారు ఆఫీసులో పెళ్లి చేసుకుంది. మొదటి మొగుడు బతికుండగా గుడి లెక్కలో అది పెళ్లి కాదు గనుక, నాలుగేళ్లు సత్ప్రసాదం తీసుకోకుండా కూర్చుంది. ఒక ఆదివారం వరుసలోకి వచ్చి నా వెనక నిలబడింది. నేను వెనక్కి తిరిగి, భుజం మీద చెయ్యివేసి, గుడంతా వినేలా అన్నాను: “నీకు కాదు. వెనక్కి పో.”

“సరే అక్కా” అంది. వెళ్లి ఆఖరి బెంచీలో కూర్చుంది. ఇరవై రెండేళ్లు అక్కడే కూర్చుంది.

కిందటేడు గుడి పాత రిజిస్టర్లు చిరిగిపోతుంటే స్వాములవారు కుట్టమని నాకిచ్చారు. కతోలికులు ఏ ఊళ్లో పెళ్లి చేసుకున్నా ఆ కబురు జ్ఞానస్నానం పొందిన గుడికి వస్తుంది; రిజిస్టరులో వాళ్ల పేరు పక్కన అంచులో రాస్తారు. చెల్లెలి పేరు పక్కన రాసి ఉంది. మొదటి మొగుడు చనిపోయాక, అది మెకానిక్కుతో మరో గుడిలో పీఠం ముందు పెళ్లి చేసుకుంది. నేను భుజం పట్టిన ఆదివారానికి ఆరు రోజుల ముందు.

ఆ అంచులో రాసిన దస్తూరి నా తమ్ముడిది. అప్పట్లో రిజిస్టర్లు రాసేది వాడే. తెలిసి, మెకానిక్కుని నలుగురిలో బావా అని పిలవాల్సి వస్తుందని, నోరు మూసుకుని ఫ్యాన్ల కింద కూర్చున్నాడు. నేను తెలియక చేశాను అనుకుందామంటే అదీ కుదరదు. రిజిస్టరు చూసిన రోజే చెల్లెలింటికి వెళ్లి, ఎందుకు చెప్పలేదే అన్నాను. “నువ్వు అడిగావా అక్కా?” అంది.

స్వాములవారి దగ్గర చేసే ప్రతి పాపసంకీర్తనంలో నా చిన్నచిన్న కోపాలన్నీ చెప్పుకున్నాను. ఇది మాత్రం చెప్పలేదు. ఇది నా పుణ్యాల్లో ఉందనుకున్నాను. అయినా ప్రతి ఆదివారం నాలుగు నిమ్మకాయలు సంచిలో వేసి వాళ్ల గేటు లోపల పెట్టి వచ్చేదాన్ని. ధర్మం చేసినదానికి నిమ్మకాయలు పంపాలని ఎందుకనిపిస్తుందో అప్పుడే ఆలోచించాల్సింది. తమ్ముడు నీచుడు. నేను వాడికంటే గట్టి గొంతున్న నీచురాలిని.

7. నా అంత్యక్రియల పూజలో సత్ప్రసాదం వరుసలో మొదటి చోటు నా చెల్లెలిది. ఈ అంశం చదివి వినిపించాకే నా పెట్టె గుడిలోకి రావాలి. తమ్ముడు చెల్లెలి వెనకే నిలబడాలి. నిలబడకపోతే ఆ టేబుల్ ఫ్యాను కూడా దగ్గు సిస్టరుకే. చెల్లెలు రానంటే బతిమాలవద్దు, అది దాని ఇష్టం. ఆ మొదటి చోటు మాత్రం ఖాళీగా ఉంచి, మిగతావాళ్లు ఒక అడుగు వెనక నిలబడండి.

భయపడకుండా రావే తల్లీ. ఈసారి భుజం పట్టుకునే చెయ్యి పెట్టెలో ఉంటుంది.

2019 మార్చి 22, శుక్రవారం. చదివించుకుని విని, ఒక్క మాట కూడా తీయించకుండా చేసిన సంతకం:

టైలరక్క

సాక్షులు:
1. పక్కింటి కంపౌండరు
2. మఠంలో వంటామె

దస్తూరి: లేఖరి (తిట్లు ఉండకూడదన్నవాడు)