మందిరం వెనకగదిలో బియ్యం

అక్కా,

నువ్వు ప్రభువు దగ్గరికి పోయి పద్నాలుగు నెలలు. ఇన్నాళ్లూ ప్రార్థన చివర నీతో రెండు మాటలు చెప్పుకునేదాన్ని. ఇప్పుడు చెప్పాల్సింది మోకాళ్ల మీద ఉండి చెప్పలేను. నిన్న చేపల పోలమ్మ అన్న మాటకు ఇక ఉండబట్టక కలం పట్టాను.

పోయిన కార్తీకంలో పెన్న పొంగి మన వీధిలోకి నీళ్లొచ్చాయి. నడుము లోతు. మూడు రోజులు నెల్లూరులో ఒక్క అంగడి తెరవలేదు. నాకు భయం వెయ్యలేదక్కా... నీ బియ్యం ఉన్నాయి గదా అనుకున్నాను.

అంతకు ఆరేళ్ల ముందు గాలివానకు వీధంతా పస్తులున్నాక, నువ్వు ఇల్లిల్లూ తిరిగి చెప్పావు. "ఎసట్లో పోసేముందు పిడికెడు తీసి పక్కన పెట్టండి. వరదొచ్చిన నాడు వీధికంతా ఒకటే పొయ్యి." మన సంఘం ఇళ్లూ, చేపలమ్ముకునే వాళ్ల ఇళ్లూ ఆరేళ్లు ఇచ్చాయి. వేట లేని రోజుల్లో కూడా పోలమ్మ ఇచ్చింది. "ఈమె బియ్యం వండితే మళ్లీ చేపల పులుసెందుకే" అని నువ్వు నవ్వేదానివి. ఎత్తుగా ఉంటుందని అవన్నీ మన ప్రార్థన మందిరం వెనకగదిలో దాచావు. నువ్వు పోయాక ఆ తాళంచెవి నా కొంగుకే ఉంది.

ఆ రోజు గది తెరిచి పొయ్యి రాజేస్తుంటే సంఘపెద్ద వచ్చాడు. గది అడిగిన నాడే నువ్వు మాట ఇచ్చావట, ఈ బియ్యం సంఘం వాళ్లకేనని. నేను నమ్మలేదు. మందిరం పుస్తకం తెచ్చి చూపించాడు.

నీ చేతిరాతే.

తలుపు మూసింది నేను. మెట్ల మీద తడిసిన చీరతో, ఖాళీ దబరతో పోలమ్మ నిలబడి ఉంది. "ఆరేండ్లు పెట్టినామే... మా పిడికిళ్లు యాడ పోయినాయి రూతమ్మా?" అంది. నేను లోపల గడియ వేశాను. లోపల అందరితో కూర్చుని అన్నం తిన్నాను. తిన్నానక్కా.

ఎందుకు చేశావు? లేకపోతే గది ఇవ్వరనా? అంత వరద రాదులే అనుకున్నావా? వస్తే నేను పెద్దాయనకు ఎదురు చెబుతాననుకున్నావా... నన్ను పెంచిందే నువ్వు, నా నోరు నీకు తెలియదా? నాకైనా ఒక్క మాట చెప్పి ఉండకూడదా?

వరద తీశాక మన అరుగు మీద ఒక కుండ పెట్టాను. గది లేదు, తాళం లేదు. నీళ్లొస్తే మిద్దె మీదికి నేనే మోసుకుపోతాను. ఇల్లిల్లూ పోయి, తలుపు మూసింది నేనే, తప్పు నాదే అని చెప్పుకున్నాను. నీ రాత సంగతి చెప్పలేదు. చాలా రోజులు ఆ కుండలో నా బియ్యమే ఉన్నాయి.

నిన్న పోలమ్మ గంప దించి, కొంగు ముడి విప్పి పిడికెడు పోసింది. "నీ మొగం చూసి కాదు. మీ అక్క మొగం చూసి ఏస్తుండా. ఆయమ్మే ఉంటే ఆ తలుపు మూసుండేదా?"

మూసేది కాదు అనలేకపోయాను. మూసేది అనీ అనలేకపోయాను. కుండకు మూత పెట్టాను.

కోపం పోలేదక్కా. పోయిందని రాస్తే అబద్ధమవుతుంది. కుండ మాత్రం నిండేదాకా చూసుకుంటాను.

ఈ కాగితాలు నీ బైబిలులో పెడుతున్నాను. నీ దగ్గరే ఉంచుకో, ఎవరికీ చూపించొద్దు. పోలమ్మకు నీ మొహం అట్లాగే ఉండనీ.

నీ చెల్లెలు,
రూతు