మొక్కని మొక్కకు ముడుపు

సులోచనా,

గినీ పందుల్లో చిన్నదాన్ని, బుడ్డోణ్ని, జనగామ పశువుల దవాఖానకు తీసుకుపోతున్నాను. అక్షిత బడి నుంచి వచ్చి గూట్లో ఒక్కటే చూస్తే ఏడుస్తుంది, ముందే చెప్పు. మిగిలినదానికి తోటకూర వేయి. ఆలస్యమైతే గునుస్తుంది; అది గినీ పంది కాదు, గునిసే పంది. మిద్దె మీద ఎర్ర గుడ్డ కట్టిన టబ్బులో కొత్తిమీర ముట్టకు. పేనుబంక పట్టిందని నిన్న పురుగుల మందు కొట్టాను. ఎవరూ తెంపకూడదనే గుడ్డ కట్టాను.

మీ అత్తమ్మ పొద్దున్నే ఆ టబ్బుకు పసుపు రాసి, బొట్టు పెట్టి, కొత్తిమీర తెంపి బుడ్డోడికి పెట్టింది.

"బిడ్డ పరీక్షకు మొక్కి ముడుపు గట్టినవనుకున్న కొడుకా. తొలి ఆకు మూగజీవానికి పెడితే పుణ్యం గదా" అంది.

"అవ్వా, గది మొక్కు గాదే, మందు!" అని నేను అరిచేసరికి వాడు రెండు రెమ్మలు మింగాడు.

డాక్టరుకు ఫోన్ చేస్తే "పందా? ఎన్ని కిలోలుంటది?" అన్నాడు.

"కిలో గూడ లేదు సారూ, గాని మా బిడ్డ పానమంత దాంట్లనే ఉంది" అన్నాను.

అవ్వను ఏమీ అనకు, గూటి ముందే కూర్చుని ఏడుస్తోంది. చాయ్ పెట్టివ్వు.

ఇంకో మాట. ఆ గుడ్డ విప్పకు. బుడ్డోడు బతకాలని ఇప్పుడు నిజంగానే మొక్కాను.