అనపకాయ, ఆనపకాయ

ఆళ్ళగడ్డ,
మంగళవారం.

అమ్మకు ఎస్తేరు వందనాలు.

ఈ ఉదయం నీళ్ళు తోడడానికి పెరట్లోకి వెళితే, మామయ్య పీకేసిన తీగ అంతా ఎండి నల్లబడి ఉంది. పందిరి గుంజను చుట్టుకున్న కొస ఒక్కటి మాత్రం ఇంకా పచ్చగానే ఉంది. అది చూశాకనే నీకు రాయాలనిపించింది.

నాన్న దగ్గు తగ్గిందా? తమ్ముడు పరీక్షలకు చదువుతున్నాడా? నీ మోకాలు ఎలా ఉంది? ఇక్కడ అందరం క్షేమం. ఈ మాట రాసేముందు కాసేపు కలం పట్టుకుని కూర్చున్నాను. ఈ రోజు వరకు అది నిజమే. కంగారుపడకుండా చివరిదాకా చదువు.

ఎండలు మొదలయ్యాయి. కాలువకు నీళ్ళు ఆపేశారు. పెరట్లో బావి ఉంది కాబట్టి మాకు బాధ లేదు. పొద్దున్నే చెట్లకు నీళ్ళు పోయడం నా పని. ఈ ఇంట్లో నాకు నచ్చిన పని అదొక్కటే అని రాస్తే నువ్వు తిడతావు. నాపబండలు నిలబెట్టిన ప్రహరీ, నల్లమట్టి, వంగ మొక్కలు, కొట్టం పైకప్పు మీదికి పాకిన ఆనప తీగ. మునగపూలు రాలి బావిగట్టంతా తెల్లగా ఉంటుంది. మామిడి పిందెలు పడ్డాయి. అక్కడ ఉన్నంతసేపు ఎవరితోనూ మాట్లాడనక్కర లేదు. సంకటి అలవాటయింది. ఊరిబిండి పచ్చడి నాకే ఎక్కువ కావాలి. మీ అల్లుడు గారు నంద్యాల నుంచి శనివారం సాయంత్రాలు వస్తారు. మిగతా రోజులు నేను, అత్తయ్య, మామయ్య. పోయిన నెల నుంచి శాంత వదిన కూడా ఉంది. కాన్పుకు పుట్టింటికి వచ్చింది. ఇప్పుడు ఎనిమిది నిండాయి.

గురువారం సాయంత్రం మామయ్య చేను నుంచి పత్తికి మందు కొట్టే పంపు తెచ్చి, పెరట్లో కూడా కొట్టారు. పేను పట్టిందట. నేను లోపల దీపం తుడుస్తున్నాను. వాకిట్లోంచే కేకేసి చెప్పారు.

"అనపకాయలకు మందు కొట్టినా మ్మా. పది దినాలు తెంపొద్దు."

"సరే మామయ్యా" అన్నాను. మన వైపు ఆనపకాయ అంటే ఏది? కొట్టం మీద వేలాడే ఆ పొడుగు కాయే కదా. దాని వైపు చూడకూడదని గట్టిగా అనుకున్నాను.

మరునాడు వదినకు నోరు చేదుగా ఉందంటే, పందిరి మీది చిక్కుడు లాంటి కాయలు కోసి, గింజలు ఒలిచి, నువ్వు చెప్పినట్టే మూడు నీళ్ళు కడిగి కూర వండాను. ఆ పందిరి కాయల పేరు నాకు ఇక్కడ ఎవరూ చెప్పలేదు. అత్తయ్య ఎప్పుడూ "పందిరి మీదివి తెంపుకరా" అనేవారు. ఈస్టరు దాకా ఈ శ్రమదినాల్లో శుక్రవారాలు ఆమె పగలంతా ఉపవాసం. నన్నూ ఉండమన్నారు. మామయ్య సద్ది కట్టుకుని చేనుకు పోయారు. వదిన రొట్టెతో తిని, బాగుందని రెండోసారి పెట్టించుకుంది.

మధ్యాహ్నం మామయ్య కాళ్ళు కడుక్కోవడానికి పెరట్లోకి వెళ్ళి, అక్కడే ఆగిపోయారు.

"పందిరి మీద కాయలు ఎవురు తెంపినారు?"

"నేనే మామయ్యా."

"వద్దంటి గదమ్మా. మందు కొట్టినా అని చెప్తి గదా."

"మీరు ఆనపకాయ అన్నారు. నేను దాన్ని ముట్టుకోలేదు." కొట్టం వైపు చెయ్యి చూపించాను.

ఆయన అటు చూశారు. నా వైపు చూశారు. "అది సొరకాయ మ్మా" అన్నారు మెల్లగా. "అనపకాయలంటే ఇవి."

అత్తయ్య గుమ్మం దగ్గర నిలబడి అంతా విన్నారు. "ఏందీ? పాప తినేసింది గదయ్యా. రెండు మార్లు తినింది. కడుపుతో ఉండే మనిషి." తర్వాత నాతో, "కాన్వెంటులో నీకు తెలుగు చెప్పలేదా?" అన్నారు.  

వదిన మంచం మీద లేచి కూర్చుంది. "నాకేం కాలేదు మా, బాగుండాను" అంటూనే పొట్ట మీద చెయ్యి వేసుకుంది. అత్తయ్య ఉప్పు నీళ్ళు తాగించారు. మామయ్య పోయి బాడిగ కారు తెచ్చారు. "బేగా ఎక్కండి" అన్నారు. ముగ్గురూ నంద్యాల పెద్దాసుపత్రికి వెళ్ళిపోయారు. కారులో చోటున్నా నన్ను రమ్మని ఎవరూ అనలేదు. ఇల్లు చూసుకోమని మామయ్య తాళంచెవి నా చేతిలో పెట్టారు.

మిగిలిన కూరను జామచెట్టు వెనక గొయ్యి తీసి పూడ్చాను. అప్పుడు గుర్తొచ్చింది, పొద్దున ఏరేసిన పుచ్చిన గింజలు కోళ్ళకు వేశానని. ఎర్ర పెట్ట ఒకటి అన్నీ తినేసింది. బావిగట్టు మీద కూర్చుని దాన్నే చూశాను.  అది కునుకు తీస్తే లేచి అదిలించేదాన్ని.  శిరివెళ్ళ దాటి ఉంటారు, ఆసుపత్రి చేరి ఉంటారు అని దారి ఊహించుకున్నాను. కోడి దుమ్ములో పొర్లుతూనే ఉంది.

చీకటి పడే వేళకు మీ అల్లుడు గారు బస్సు దిగి వచ్చారు. వాళ్ళు ఆసుపత్రి నుంచి ఆయన ఆఫీసుకు కబురు పంపారట.

"అక్క నిద్రపోతాంది. లోపల బిడ్డ కదులుతాందంట. రెండు దినాలు ఈడనే ఉంచండి అన్నాడు డాక్టరు" అన్నారు. కాసేపటికి, "నువ్వు తిన్నావా?" అని అడిగారు.

"ఇంకా లేదు" అన్నాను. ఆయనే పొయ్యి వెలిగించారు.

వదిన ఆదివారం ఇంటికి వచ్చింది. గింజలు తొక్క లోపలివి కాబట్టి, కడిగి ఉడికించారు కాబట్టి భయపడొద్దని డాక్టరు చెప్పాడట. అయినా కాన్పు అయ్యేదాకా కనిపెట్టుకుని ఉండమన్నాడట. అందుకే ఈ ఇంట్లో ఎవరికీ నిద్ర లేదు. వదిన దగ్గితే అందరం లేస్తాం. అత్తయ్య నన్ను వంట చేయనివ్వడం లేదు. కోపంగా కాదు, మెల్లగా నా చేతిలోంచి కత్తిపీట తీసుకుంటారు. వదినే పిలిచి పక్కన కూర్చోబెట్టుకుంటుంది. "కూర మాత్రం బాగుండె ఎస్తేరూ" అంటుంది. నాకు నవ్వు రాదు.

మామయ్య పందిరి పీకేశారు. నిన్న నన్ను పెరట్లోకి పిలిచి, ఒక్కొక్క మొక్కను చేత్తో పట్టుకుని, "దీన్ని మీ దేశంలో ఏమంటారు మ్మా?" అని అడిగారు. నేను చెప్పాను. ఆయన తన మాట చెప్పారు. వంకాయ దగ్గర ఇద్దరిదీ ఒకటే మాట అయింది. "ఇదొక్కటన్నా కుదిరె" అన్నారు.

అమ్మా, నువ్వు వదిన కోసం రోజూ ప్రార్థన చెయ్యి. గుడిలో పాస్టరు గారితో పేరు చెప్పించు, కారణం చెప్పకు. నాన్నకు కూడా ఇప్పుడే చెప్పొద్దు, బయలుదేరి వచ్చేస్తారు. వీలైతే నా పెట్టెలోని నిఘంటువు ఎవరైనా వచ్చేవాళ్ళతో పంపించు. చుక్కకూర గింజలు కూడా, మామయ్య అడిగారు. నా గురించి దిగులు వద్దు. ఇక్కడ నన్ను ఎవరూ కొట్టలేదు, తిట్టలేదు. బాగానే ఉన్నాను.

నానమ్మకు, పెద్దనాన్న గారికి నా వందనాలు. తమ్ముడికి ముద్దులు. నీ చెయ్యి నా తల మీద ఉందనుకుని ఈ ఉత్తరం ముగిస్తున్నాను.

నీ కూతురు,
ఎస్తేరు

అమ్మా, ఇంకొక మాట. శుక్రవారం అత్తయ్య ప్రార్థనలో ఉండగా, వంటింట్లో నిలబడి ఆ కూర నేను కూడా తిన్నాను.