రెండో ప్రకటన

మొయినాబాద్, జూన్ 1969, ఆదివారం రాత్రి

ఈ రోజు చర్చిలో మా బిడ్డ రూతు పెండ్లి ప్రకటన రెండోసారి చదివిండ్రు; మూడు ఆదివారాలు చదివితేనే పెండ్లి. "అభ్యంతరం ఉంటే చెప్పున్రి" అని పాస్టరుగారు అనంగనే మా మరిది లేచిండు. "పిలగాడు గుంటూరోడు. ఈ తెలంగాణ గొడవల నడుమ మనకీ సంబంధమెందుకు?"

అది నా మనసులో మాటే.

"దేవుని ఎదుట అది అడ్డం కాదు" అన్నరు పాస్టరుగారు. అందరు నా దిక్కు చూసిండ్రు. నేను లేవలే.

గొడవలకు బస్సులు బందయితే, చేవెళ్లల నౌకరి చేసే ఆ పిల్లవాడు అక్కడి నుంచి చర్చికి నడిచి వచ్చిండు. కాళ్లనిండ దుమ్ము.

"భయం కాలేదా బాబూ?" అన్న.

"భయమేనండీ. కానీ చర్చిలో నా గురించి ఎవరన్నా ఏమన్నా అంటే, రూతు ఒక్కతే ఆ మాటలు పడకూడదని వచ్చాను."

ప్రేమంటే కండ్ల మోజే అనుకున్న ఇన్నాళ్లు. ప్రభువు సిలువ మోసుకుంట మనకోసం నడిచింది గూడ గిట్లనే కదా.

పొద్దుగూకినంక మళ్ల నడిచే పోయిండు. చేరిండో లేదో. ఈ పెండ్లి ఆపు తండ్రీ అని నెల నుంచి ప్రార్థన చేసింది నేనే. దాన్ని ఇప్పుడు ఎట్ల వాపసు తీసుకోవాలె?