మంత్రిగారు ఒప్పుకున్న తప్పు

నా చిట్టితల్లికి,

ప్రభువు కాపుదలలో ఉన్న నీకు నాన్న దీవెనలు. ఇక్కడ మేమిద్దరం కులాసా. మీ అమ్మ మోకాలు దారికొచ్చింది.

అడిగినవాటికి వరసగా చెబుతాను. అవును, మన ప్రార్థన మందిరమే ఇప్పుడు టీకా కేంద్రం. నేను నిలబడి వాక్యం చెప్పే చోట మందుల శీతల పెట్టె ఉంది. "ఆ పెట్టె మీకంటే నయం, మూత వేస్తే మూసుకునే ఉంటుంది" అంది మీ అమ్మ.

ఆరోగ్య మంత్రిగారు నిజంగానే వచ్చారా అన్నావు. వచ్చారు తల్లీ. ఏలేవాళ్ళంటే నాకు బైబిల్లోని క్రూరరాజులు ఫరోలే గుర్తొస్తారని నీకు తెలుసు. ఏకిపారేద్దామని గ్రంథం చంకలో పెట్టుకుని ముందు బల్ల మీదే కూర్చున్నాను. దండలు లేవు, ఉపన్యాసం లేదు. నిలబడగానే ఆవిడ అన్న మొదటి మాట ఇది.

"మీలో మూడువందల మందికి వేసింది చెడిపోయిన మందు. దానివల్ల హాని లేదు, రక్షణా లేదు. పెట్టె ఆగిపోయిన సంగతి నా శాఖ రెండు రోజులు దాచింది. నాకు నిన్న తెలిసింది. తప్పు మాది, బాధ్యత నాది."

హాలంతా గగ్గోలైంది. వెనకనుంచి ఒకాయన లేచాడు. "మళ్ళీ చెడితే? మళ్ళీ దాస్తారా?"

"నువ్వేం పని చేస్తావయ్యా?" అన్నారు మంత్రిగారు.

"ఐసు ఫ్యాక్టరీలో. ఇరవై ఏళ్ళు."

"అయితే చలి సంగతి నాకంటే నీకే బాగా తెలుసు. ఇదిగో తాళం. రోజుకు మూడుసార్లు పెట్టెలో చలి ఎంతుందో చూసి ఆ అంకె గుమ్మం మీద రాయి. వేడి హద్దు గీత దాటిందా, ఎవర్నీ అడక్కు, కేంద్రం మూసెయ్."

"మీరు వద్దన్నా?"

"నేను వద్దంటే ముందు నన్ను బయటికి పంపు."

నేను ఉండబట్టలేక లేచాను. "ఈ మాట బయటపెడితే ఓట్లు పోతాయని మీకెవరూ చెప్పలేదా?"

"చాలామంది చెప్పారు. వాళ్ళ కార్లు బయటే ఉన్నాయి" అని నవ్వి, "ఓట్లు మళ్ళీ అడుక్కోవచ్చు బోధకుడుగారూ. నమ్మకం పోయాక ఈ సూది ఎవరికి వెయ్యను?" అన్నారు.

ఏకిపారేద్దామని తెచ్చిన గ్రంథం తెరవకుండానే కూర్చున్నాను. మర్నాడు వరస వీధి మలుపు దాటింది. మూడువందల మందిలో చాలామంది మళ్ళీ చెయ్యి చాపారు. ఐసు ఫ్యాక్టరీ ఆయన అంకెలను వాక్యం చదివినట్టు బిగ్గరగా చదువుతున్నాడు. నా ప్రసంగం అంత శ్రద్ధగా ఎవరూ విన్నది లేదు.

ఇంతసేపూ రాయలేక దాటేస్తున్నది ఒకటుంది తల్లీ. దేవుని నీడలో ఉన్నవాణ్ణి తెగులు తాకదు, సూది అవిశ్వాసం అంటూ ఫోన్లలో తిరుగుతున్న గొంతు మీదేనా నాన్నా అని అడిగావు. అప్పుడు కాదని రాశాను. నాదే. నువ్వు నన్ను నమ్మి, మా నాన్న అలా అనరని తోటి నర్సులతో పోట్లాడావు. ఆ మాట విని మీ చేపల రేవువాళ్ళు టీకాకు రావడం మానేశారనీ, ఇద్దరు ఊపిరాడక ఆసుపత్రిలో ఉన్నారనీ రాశావు. అది చదివీ కిమ్మనలేదు.

మంత్రిగారు వెళ్ళాక గ్రంథం తీశాను. నేను అరిచిన ఆ అధ్యాయాన్ని చూపించే కదా, దేవుడు కాపాడతాడులే అని సైతాను ప్రభువును గోపురం మీదనుంచి దూకమన్నది! దేవుణ్ణి పరీక్షించకూడదని ప్రభువు దూకలేదు. ముప్పై ఏళ్ళుగా రెండు చోట్లా ఎర్రగీతలు గీసుకున్నాను. ఒక్కనాడూ పక్కపక్కన పెట్టి చదవలేదు. సొంతంగా చదువుకున్నానన్న పొగరు అంత పని చేసింది.

ఆదివారం ఇక్కడ అందరిముందూ ఒప్పుకున్నాను. అది చాలదు. గురువారం బస్సుకు వస్తున్నాను. రేవులో నిలబడి ఆ మాట ఈ నోటిదేనని చెబుతాను. తిట్టనీ, చెయ్యి చేసుకోనీ. ఆ తర్వాత వాళ్ళ కళ్ళెదుటే నాకు సూది నువ్వే వెయ్యాలి. అందుకే ఇక్కడ వేయించుకోలేదు.

బస్టాండుకు రావద్దు. ముందు వాళ్ళకు చెప్పుకున్నాకే నీ ఎదుట పడతాను.

ఇట్లు,
నీకు అబద్ధం రాసిన
నాన్న