కింద ఖాళీగా ఉన్న గది

ధర్మవరం

ప్రిన్సిపాల్ సార్‌కు నమస్కారాలు.

నన్ను వీపున ఎక్కించుకుని కుళ్లాయప్పా, నా చక్రాల కుర్చీ ఎత్తుకుని హనుమంతూ రోజూ పై అంతస్తులోని క్లాసుకు చేరుస్తున్నారు. అందుకు శనివారం వాళ్లకు సన్మానం చేస్తారని తెలిసింది. తప్పకుండా చేయండి సార్, నేనూ చప్పట్లు కొడతాను. వాళ్లు ఏనాడూ విసుక్కోలేదు.

మొన్న క్లాసంతా పెనుకొండ కోట చూడ్డానికి పోదామని మాట్లాడుకుంటుంటే, కుళ్లాయప్ప నన్ను అడగకుండానే “వాడు యాడొస్తాడులేప్పా” అనేశాడు. నాకు చెప్పలేనంత కోపం వచ్చింది. ఇక వాడితో మాట్లాడకూడదనుకున్నాను. మర్నాడు పొద్దున మెట్ల దగ్గర వాడే వంగి నిలబడ్డాడు. “అలిగినావేమబ్బా? మెడ పట్టుకో, టైమైతాండాది” అన్నాడు. పట్టుకున్నాను. మెడ పట్టుకుని వేలాడుతూ ఎవరైనా ఎలా పోట్లాడతారు సార్?

కింద స్టోర్ రూమ్ పక్క గది ఖాళీగా ఉంది. మా క్లాసు అక్కడికి మార్చి, గడప దగ్గర కాస్త వాలుగా సిమెంటు వేయిస్తే నేనే కుర్చీ తోసుకుంటూ వస్తాను. వచ్చిన మొదటి రోజే కుళ్లాయప్పను ఆ కోట సంగతి అడుగుతాను. గొడవ మీ గది దాకా వినిపించవచ్చు. దయచేసి ఆపడానికి మాత్రం రాకండి.

మీ డిగ్రీ రెండో సంవత్సరం విద్యార్థి