బటన్ నొక్కితే నిలబడే పడవ

బ్రజ్‌ఘాట్,
ఆదివారం

చిరంజీవి ప్రవల్లికకు బాబాయి ఆశీస్సులు.

ఇక్కడ అందరం క్షేమం అని రాయబోయి ఆగాను. మీ పిన్ని ధనమ్మ క్షేమం. నా సంగతి నువ్వే చెప్పాలి.

ఫోను చెయ్యకుండా ఉత్తరమేమిటని నవ్వకు. మాది ఒంటి గది, ఏం మాట్లాడినా పిన్నికి వినపడుతుంది. ఆర్మీలో పడవలు నడిపి రిటైరై, అస్థికలు కలిపేవాళ్ళను రోజూ గంగ నడిమధ్యకు తీసుకెళ్ళే మనిషి భయపడుతున్నాడని తెలిస్తే ఇంట్లో ఇక నా మాట చెల్లదు. అందుకే మీ దగ్గరి గాజీపూర్ పూల మండీకి బంతిపూల కోసం వచ్చే భయ్యా చేత పంపుతున్నాను.

మీ నోయిడా కంపెనీ వాళ్ళు ట్రయల్‌కి బిగించిన బ్యాటరీ మోటారు గురించే నా బాధ. పాత డీజిల్ ఇంజనుకు పొగ, కుదుపు, నాకు నడుం నొప్పి. దీనికి అవేవీ లేవు. బటన్ నొక్కితే లంగరు వెయ్యకుండానే ప్రవాహంలో పడవ తానే నిలబడుతుంది. ఘాట్ పురోహితుడు పండాజీ మంత్రాలు పూర్తయ్యేదాకా కదలదు. అంతా బాగుంది. కానీ చప్పుడు లేదమ్మా! ఇన్నేళ్ళూ డీజిల్ డబడబల్లో నాకేమీ వినపడేది కాదు. ఇప్పుడు ఎముకలు నీళ్ళలో పడటం కూడా వినపడుతోంది. మొన్న ఒక పెద్దావిడ కుండలోకి వంగి "ఠండ్ లగేగీ, శాల్ ఓఢ్ లేనా" అంది. చలేస్తుంది, శాలువా కప్పుకోమని పోయిన మొగుడికి చెబుతోంది! లోపలినుంచి జవాబు వస్తుందేమోనని రెండు చేతులతో చెవులు మూసుకున్నాను.

కార్తీక పౌర్ణమి మేళాలోపు ఈ మోటారు ఉంచుకోవడమో, తిప్పి పంపడమో తేల్చాలి. పంపితే పాత ఇంజనుతో ఈ నడుము ఇంకో మేళా లాగదు, గంగను వదిలి ఒడ్డున కూర్చోవాల్సిందే. ఉంచుకుంటే భయంతోనే పోయేలా ఉన్నాను. ఏం చెయ్యమంటావు?

ఇట్లు,
నీ బాబాయి బసవరాజు

తా.క.: పిన్ని పడవ దగ్గరికొచ్చి మోటారును చూసి వెళ్ళింది. నిన్న శనివారం బజారుకెళ్ళి కొంగులో ఏదో బరువైనది మూటగట్టి తెచ్చింది. కొబ్బరికాయలై ఉంటాయి.

---

వైశాలి,
బుధవారం

బాబాయికి ప్రవల్లిక నమస్కారాలు.

మీ ఉత్తరం బంతిపూల వాసనతో అందింది. ఆ మోటారుతో ఇచ్చిన పుస్తకాన్ని హిందీలో, తెలుగులో రాసింది నేనే. అందులో దయ్యాల గురించి ఎక్కడా లేదు. కాబట్టి ధైర్యంగా ఉండండి.

పడవ నిలబడటం వెనక మాయ లేదు. మీ సీటు కింద ఉన్న నల్ల పెట్టెలో ఒక దిక్సూచి ఉంది. ఆకాశంలో ఉపగ్రహాలున్నాయి. రాత్రీ పగలూ అవి పైనుంచి మిమ్మల్ని చూస్తూనే ఉంటాయి. మీరు కొంచెం పక్కకు జరిగినా వాటికి తెలిసిపోతుంది. ఇక భయమెందుకు?

ఇట్లు,
ప్రవల్లిక

తా.క.: కుండలోంచి జవాబు అయితే రాలేదు కదా? ఊరికే అడిగాను. వస్తే పుస్తకంలో చేర్చాలి.

---

బ్రజ్‌ఘాట్,
శుక్రవారం

చిరంజీవి ప్రవల్లికకు,

నీ ఉత్తరం చదవకముందు నీళ్ళను చూస్తేనే భయం. ఇప్పుడు ఆకాశాన్ని చూసినా భయమే. పైనుంచి రాత్రీ పగలూ చూస్తూ ఉంటాయని ఏ ధైర్యం చెప్పడానికి రాశావు తల్లీ?

అసలు సంగతి విను. పడవ నిలబడటం మానేసింది. నడినీట్లో బటన్ నొక్కితే గుండ్రంగా తిరగడం మొదలుపెడుతోంది! నిన్న మీరట్ వాళ్ళు తండ్రి అస్థికలు కలుపుతుంటే, నేను చుక్కాని ముట్టకుండానే పడవ వాటి చుట్టూ ప్రదక్షిణం చేసింది. కొడుకులు ఏడుస్తూ దండాలు పెట్టారు. పండాజీ మంత్రం మరిచిపోయి, "బసవరాజ్ భాయ్, బహుత్ దేఖా, యే నహీఁ దేఖా" అని, ఎన్నో చూశాను గానీ ఇలాంటిది చూడలేదని నా చెయ్యి పట్టుకున్నాడు. పోయినాయనకు పిల్లల్ని వదిలి వెళ్ళడానికి మనసు ఒప్పలేదనీ, ఆయనే పడవను తిప్పుతున్నాడనీ ఘాట్ అంతా చెప్పుకుంటోంది.

పడవలో కొత్తగా ఏమైనా పెట్టారా అని అడుగుతావేమో. ఏమీ లేదు. ఆదివారం నువ్వొకసారి వచ్చి చూడు. పిన్నితో మాత్రం పులిహోర కోసం వచ్చానని చెప్పు.

ఇట్లు,
నీ బాబాయి

తా.క.: నా జాగ్రత్త నేను తీసుకున్నాను. ఏమిటని అడగకు, పిన్నికి అసలు చెప్పకు. అది తీసుకున్నాక చుట్టు ఇంకా పెద్దదైంది. అంటే వచ్చినవాడు సామాన్యుడు కాడు.

---

వైశాలి,
సోమవారం

బాబాయికి నమస్కారాలు.

క్షేమంగా చేరాను. పులిహోర బాగుంది.

పడవ తిరుగుతున్నప్పుడు నేను అరిచానని పండాజీ అందరికీ చెబుతున్నాడట. అది అరుపు కాదు, ఉత్సాహం. మీ భుజం పట్టుకున్నది కూడా మీకు ధైర్యంగా ఉంటుందనే. భుజం మీద గోళ్ళ గుర్తులుంటే కొబ్బరినూనె రాయండి.

ఆఫీసులో అడిగితే పరీక్షించడానికి మేళా అయ్యేదాకా మనిషి దొరకడన్నారు. నేను ఆలోచించాను. విజ్ఞానశాస్త్రం మీద నాకు పూర్తి నమ్మకముంది. అయినా మోటారు తిప్పి పంపెయ్యండి బాబాయ్. డీజిలే మంచిది. కనీసం ఎవరు నడుపుతున్నారో తెలుస్తుంది.

ఇట్లు,
ప్రవల్లిక

తా.క.: బయల్దేరే ముందు మీ సీటు దగ్గర కాసేపు ఒంటరిగా కూర్చున్నది వైర్లు చూడటానికే. ఇంకెందుకూ కాదు.

---

బ్రజ్‌ఘాట్,
గురువారం

విజ్ఞానశాస్త్రం మీద పూర్తి నమ్మకమున్న చిరంజీవి ప్రవల్లికకు,

నువ్వు వెళ్ళాక చుట్లు మరీ ముదిరి, పడవ పక్క పడవ మీదకు వెళ్ళింది. అందులోవాళ్ళు తెడ్డుతో నెట్టబట్టి బతికిపోయాం. ఇక చాలనుకుని మొన్న మోటారు విప్పడానికి సీటు పైకెత్తాను.

నల్ల పెట్టెకు తలో పక్కా ఆనుకుని మూడు గుర్రపు లాడాలున్నాయి. దిష్టికీ దయ్యానికీ కట్టే నల్లగుర్రం లాడాలే. ఒకటి నాది. గుర్రబ్బండి టాంగావాలాను బతిమాలి తెచ్చి, పిన్నికి తెలియకుండా చీకట్లో దూర్చాను. రెండోది పసుపు రాసి పాత చీర పీలికలో చుట్టి ఉంది. అది కొంగులో వచ్చిన కొబ్బరికాయ! మూడోది మీ వైశాలి మెట్రో స్టేషను కింది కొట్టు కవరులో ఉంది. ఆ కొట్టుకు ఇక్కడినుంచి ఎవరు వెళ్ళారా అని చాలాసేపు ఆలోచించాను.

తర్వాత నీ పుస్తకం తీసి మొదటిసారి చదివాను. "పెట్టె దగ్గర ఇనుము ఉంచరాదు. ఉంచినచో దిక్సూచి తప్పి, పడవ నిలవక చుట్లు తిరుగును." కింద నీ పేరుంది. రాసినదానివి చదవవద్దా తల్లీ?

పిన్నిని పిలిచి, "నీకు మోటారంటే అంత భయమా?" అని అడిగాను. "మోటారంటే నాకేం భయం! మీరు నిద్దట్లో చెవులు మూసుకుంటుంటే భయమేసింది" అంది. నేను దాచానని ఇన్నాళ్ళూ నేనొక్కణ్ణే అనుకుంటున్నాను. నాకు సిగ్గేసింది, ఆ వెంటనే ప్రాణం తేలికపడింది.

లాడాలు తీసేశాం. పడవ రాయిలా నిలబడింది. ఇప్పుడు కొత్త తంటా. మేళాకు వచ్చినవాళ్ళు నిలబడే పడవ వద్దంటున్నారు. "హమారే పితాజీ కో భీ ఘుమాయియే", మా నాన్ననూ తిప్పించండి అని నా పడవ దగ్గరే గుంపులు కడుతున్నారు. అందుకని బటన్ ఆపి, చుక్కాని పట్టుకుని మెల్లగా ఒక ప్రదక్షిణం నేనే చేయిస్తున్నాను. ఆ తర్వాత బటన్ నొక్కితే పడవ నిలబడుతుంది. మోటారు ఉంచుకుంటున్నానని మీవాళ్ళకు చెప్పు.

ఇట్లు,
నీ బాబాయి బసవరాజు

తా.క.: నీ లాడం పూల భయ్యా చేత పంపుతున్నాను. దాని అవసరం నీకే ఎక్కువున్నట్టుంది.

ఇంకో తా.క.: కుండలోంచి జవాబు వచ్చిందా అని అడిగావు. ఆ శాలువా పెద్దావిడ నిన్న మళ్ళీ వచ్చి, నీళ్ళలోకి వంగి ఇంటి కబుర్లన్నీ చెప్పింది. ఈసారి నేను చెవులు మూసుకోలేదు. జవాబు రాదమ్మా. ఆవిడ చెప్పడం అయ్యేదాకా పడవ కదలకుండా ఉంటే చాలు. పుస్తకంలో చేర్చుకో.